సంక్రాంతి సెలవుల్లో పాలోలెం సన్‌సెట్ కయాకింగ్: బుక్ చేసే ముందు ఏం చూడాలి?

మియాపూర్_మనిషి
పండక్కి నలుగురం గోవా వెళ్తున్నాం, బస పాలోలెంలో. గైడెడ్ సన్‌సెట్ కయాకింగ్ ఒకటి చూశాం. 4:30కి మొదలు, బటర్‌ఫ్లై బీచ్ దగ్గర సూర్యాస్తమయం చూపించి వెనక్కి తీసుకొస్తారట. నలుగురిలో ఇద్దరికి ఈత రాదు. ఒకరి బరువు 104 కిలోలు. ఎవరూ ఇంతవరకు తెడ్డు పట్టలేదు. బుక్ చేయమంటారా? ఏం అడగాలి, ఏం వేసుకోవాలి, ఎక్కడ తేడా కొడుతుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పోటుపాటు
ఆ టైమింగే తేడాగా ఉందండీ. లెక్క వేసి చూడండి.

సంక్రాంతి రోజుల్లో పాలోలెంలో సూర్యుడు మునిగేది 6:20 ప్రాంతంలో. మన అక్షాంశాల్లో సంజె వెలుగు ఎక్కువసేపు ఉండదు, 20–25 నిమిషాల్లో చీకటి పడిపోతుంది. అంటే 6:45కల్లా ఒడ్డున ఉండాలి. పాలోలెం నుంచి బటర్‌ఫ్లై బీచ్ నీటి మీద ఒకవైపు రెండున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. కొత్తవాళ్ళ గుంపు గంటకు 3 కిలోమీటర్లు వెళ్తే గొప్ప, అంటే 50 నిమిషాలు. 6:20కి అక్కడ సూర్యాస్తమయం చూస్తే ఒడ్డు చేరేది 7:10కి. చివరి అరగంట ప్రయాణమంతా చీకట్లోనే, రాళ్ళ పక్కనే.

సరైన పద్ధతి తిరగేసి ఉంటుంది. 3:45కి నీళ్ళలో దిగడం, 4:40–4:50కి బటర్‌ఫ్లై, 5:20కి అక్కణ్ణుంచి బయల్దేరడం, 6:10కి పాలోలెం బే (చిన్న అఖాతం) ముఖం దగ్గరికి వచ్చేసి అక్కడ ఆగి సూర్యుణ్ణి చూడటం. సూర్యాస్తమయం ఎప్పుడూ ఒడ్డుకు 15 నిమిషాల దూరంలోనే చూడాలి. గైడ్ ప్లాన్ ఇలా లేకపోతే టైమ్ మార్చమనండి, కుదరదంటే బటర్‌ఫ్లై వదిలేసి బే లోపలే తిరగండి. జనవరిలో సూర్యుడు నైరుతికి జరిగి ఉంటాడు, పాలోలెం బీచ్ ముఖం కూడా నైరుతికే. కాబట్టి బే లోంచే సముద్రంలో మునగడం కనిపిస్తుంది. అది చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు.

భీమిలి_గాలి
పైన చెప్పినదానికి గాలి లెక్క కూడా కలపాలి. ఎండకు నేల వేడెక్కాక మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. గోవాలో ఇది ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. 2 నుంచి 4 మధ్య బలంగా ఉండి, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. పాలోలెం నుంచి బటర్‌ఫ్లై కూడా వాయవ్యమే, అంటే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపుగాలి. కొత్తవాళ్ళకు ఈ వరస మంచిది. ఓపిక ఉన్నప్పుడే కష్టం అయిపోతుంది.

కానీ వీపుగాలితో ఒక చిక్కు. అల వెనక నుంచి వచ్చి తోకను పక్కకు నెడుతుంది, కయాక్ అడ్డం తిరగబోతుంది. ముందు కూర్చున్నవాళ్ళు తెడ్డు ఆపేసి ఫోటోలు తీసుకుంటుంటే అడ్డం తిరగడం ఖాయం. వేగం ఉన్నంతసేపే తిన్నగా ఉంటుంది.

గాలి 10 నాట్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు దాటితే కొత్తవాళ్ళను బే బయటకు తీసుకెళ్ళకూడదు. మీటర్ అక్కర్లేదు, దూరంగా నీటి మీద అక్కడక్కడా తెల్ల నురగ తలలు కనిపిస్తే ఆ గీత దాటినట్టే.

మియాపూర్_మనిషి
ఆటుపోట్ల టైమ్ కూడా చూడాలా? సంక్రాంతికి ఎలా ఉంటుందో ముందే తెలుస్తుందా?

పోటుపాటు
సంక్రాంతి సూర్యుడి పండగ కాబట్టి సూర్యాస్తమయం ఏటా అదే సమయం. ఆటుపోట్లు మాత్రం చంద్రుడి లెక్క. ఏ ఏడు ఏ తిథి పడిందో దాన్నిబట్టి మారుతుంది, పైగా రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు బాగా ఎక్కి బాగా తీస్తుంది. అష్టమి చుట్టూ తేడా తక్కువ. గోవాలో పెద్ద పోటుకు రెండు మీటర్ల దాకా తేడా వస్తుంది. మార్మగోవా టైడ్ టేబుల్ చూసుకోండి, పాలోలెంకు దాదాపు అదే వర్తిస్తుంది.

దీన్నిబట్టే దారి నిర్ణయించుకోవాలి. పాలోలెం ఉత్తరం కొసన దీవి పక్కన చిన్న వాగు సముద్రంలో కలుస్తుంది, లోపల మడ చెట్లు. సాయంత్రం నీరు ఎక్కుతుంటే వాగులోకి వెళ్ళడం హాయి. నీరు తీస్తుంటే మాత్రం వాగు ముఖం జోలికి పోకండి. బయటికి పోయే ప్రవాహం, లోపలికొచ్చే అల ఎదురెదురు పడి అక్కడ అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. పూర్తిగా తీశాక ఇసుక తేలి కయాక్‌ను ఈడ్చుకోవాల్సి వస్తుంది. అప్పుడైతే దీవికి జనం నడిచే పోతారు.

అలల_లెక్క
హైదరాబాద్‌లోనే ప్రగతి నగర్ దగ్గర ఇన్‌కాయిస్ ఉంది, దేశం మొత్తానికి సముద్ర సూచనలు ఇచ్చేది వాళ్ళే. గాలి, అల ఎత్తు, అలల మధ్య వ్యవధి అన్నీ వాళ్ళ సైట్లో ఉంటాయి. మనవాళ్ళు వాన యాప్ చూసి సముద్రంలోకి పోతారు, ఇది చూడరు.

ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. అర మీటరు అల 6 సెకన్లకొకటి వస్తే బుడుగు బుడుగుమని ఊపుతుంది అంతే. అదే అర మీటరు 13–14 సెకన్లకొకటి వస్తే ఎక్కడో దూర సముద్రంలో పుట్టిన అల, బలం చాలా ఎక్కువ. లోతులో కనబడదు, ఒడ్డు దగ్గరికొచ్చాక ఒక్కసారిగా లేచి విరుగుతుంది. దిగేటప్పుడు బోల్తా పడేది ఇలాంటి రోజునే. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చే ఈ రకం ఉప్పెన అలకు కేరళలో కల్లక్కడల్ అని పేరే ఉంది, దొంగ సముద్రం అని అర్థం. గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీరు మాత్రం పైకొస్తుంది. దానికి విడిగా హెచ్చరిక ఇస్తారు. జనవరిలో అరుదే అయినా చూసే అలవాటు మంచిది.

తెడ్డు_తాత
104 కిలోల మాటకు వద్దాం. అక్కడ ఎక్కువగా దొరికేవి సిట్-ఆన్-టాప్ టాండెమ్‌లు, అంటే లోపల కాక పైనే కూర్చునే ఇద్దరి కయాక్‌లు. పొడవు 12–13 అడుగులు, బరువు ముప్పై కిలోల చుట్టూ, కంపెనీ రాసే మోత 200–225 కిలోలు. ఆ రాసిందాంట్లో నాలుగింట మూడొంతులు దాటకుండా వేసుకోవాలి. అంటే 225 కిలోలది అయితే 104 పక్కన 55–60 కిలోల మనిషి సరిపోతాడు, 85 వద్దు.

బరువైన మనిషి వెనక కూర్చోవాలి. ముందు కూర్చుంటే ముక్కు నీళ్ళలోకి దిగి ప్రతి అలా ఒళ్ళోకి వస్తుంది. అలాగని ముందు మరీ తేలికైతే ముక్కు గాల్లోకి లేచి ఎదురుగాలికి పక్కకు కొట్టుకుపోతుంది. ఇద్దరికీ 50 కిలోల తేడా ఉంటే నీళ్ళ సీసాలు, బ్యాగు ముందు వైపు కట్టండి.

ఇంకోటి. సీటు కింద, కాళ్ళ దగ్గర పైనుంచి అడుగు దాకా పోయే బొక్కలుంటాయి, స్కప్పర్ హోల్స్ అంటారు. పైకొచ్చిన నీరు వాటిలోంచి దిగిపోతుంది. బరువు ఎక్కువైతే అదే బొక్కలోంచి నీరు పైకి వచ్చి సీటు తడుస్తుంది. మునిగిపోతున్నాం అని కేకలు పెట్టేది అప్పుడే. మునగదు, కయాక్ లోపలి డొల్ల వేరు. పిర్రలు తడుస్తాయి, అంతే.

నీలికెరటం
లైఫ్ జాకెట్ గురించి ఎవరూ రాయలేదేంటి? ఈత రానివాళ్ళకు 100 న్యూటన్ల (తేలే శక్తి కొలత) జాకెట్ అడగండి. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్ళకు. అది తేలుస్తుంది గానీ స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని పైకి తిప్పే పూచీ లేదు.

తెడ్డు_తాత
100 న్యూటన్లది ఛాతీ మీద దిండు కట్టుకున్నట్టు ఉంటుంది, దానితో తిరిగి కయాక్ మీదికి ఎక్కడం కష్టం. అందుకే కయాకింగ్ గైడ్లు 50 ఇస్తారు.

నీలికెరటం
ఎక్కడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ ఈత రాని మనిషి ఒంటరిగా ఎలాగూ ఎక్కలేడు, గైడ్ పట్టి ఎక్కించాల్సిందే. ఆ రెండు మూడు నిమిషాలు నోట్లోకి నీళ్ళు పోకుండా ఉండటం ముఖ్యం. ఈత వచ్చినవాళ్ళకు 50 సరే, రానివాళ్ళకు 100.

104 కిలోలకు ప్రత్యేక జాకెట్ కావాలనుకోకండి. నీళ్ళలో మనిషి బరువు నాలుగైదు కిలోలే, 50 న్యూటన్లంటే ఐదు కిలోల తేలే శక్తి. చూడాల్సింది ఛాతీ కొలత, పట్టీలు పట్టాయా లేదా. పరీక్ష ఇలా: అన్ని బకిల్స్ పెట్టి కింద నుంచి పైకి బిగించాలి. తర్వాత ఇంకొకరు రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి గట్టిగా లాగాలి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్ళలో మనిషి కిందికి జారిపోతాడు. ఇంకో సైజు అడగండి. ఫోమ్ పిండి వదిలితే తిరిగి ఉబ్బకపోయినా, గుడ్డ ఎండకు తెల్లబోయి గోటితో గీస్తే పోగులు లేచినా ఆ ముక్క పక్కన పడేయమనండి.

తెడ్డు_తాత
సరే, ఆ మాటకు కాదనను. విజిల్ ఉందో లేదో కూడా చూసుకోండి. మూడు ఊదులు వరసగా అంటే సాయం కావాలని.

మియాపూర్_మనిషి
బోల్తా పడితే ఏం చేయాలి? అదే మా వాళ్ళ అసలు భయం.

అలల_లెక్క
నిజానికి సముద్రం మధ్యలో సిట్-ఆన్-టాప్ బోల్తా పడటం అరుదు. పడేవి ఎక్కువగా ఒడ్డున, బయల్దేరేటప్పుడు, దిగేటప్పుడు. అందుకే ముందు అది.

అలలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, తర్వాత కాసేపు చిన్నవి. నిలబడి రెండు మూడు గుంపులు చూడండి. చిన్నవి మొదలవగానే ముక్కు అలకు నిలువుగా పెట్టి తోయాలి, కూర్చున్న మరుక్షణం నుంచి తెడ్డు ఆగకూడదు. దిగేటప్పుడు దీనికి తిరుగుడు: పెద్ద గుంపు వెళ్ళేదాకా బయట ఆగి, చివరి అల వెనకే దాని వీపు మీద రావాలి. అల ముందు కాదు. ముక్కు ఇసుకకు తగలగానే ఇద్దరూ ఒకేసారి దిగాలి.

ముఖ్యమైన మాట: ఒడ్డుకూ కయాక్‌కూ మధ్య ఎప్పుడూ నిలబడొద్దు. ఖాళీ కయాక్ 30 కిలోలే కావచ్చు, దాని వెనక అల నెట్టుకొస్తే మోకాలు విరుగుతుంది. సముద్రం వైపే ఉండండి.

లోతులో పడితే: మొదట తెడ్డు వదలొద్దు, కయాక్ వదలొద్దు. ఈత కొట్టి ఒడ్డుకు పోవాలనే ఆలోచన అసలొద్దు. బోర్లా పడి ఉంటే మధ్య భాగానికి వెళ్ళి, అడుగు మీదుగా అవతలి అంచు లేదా స్కప్పర్ బొక్క పట్టుకుని, మోకాళ్ళు ఇవతలి అంచుకు ఆనించి వెనక్కి వాలితే తిరగబడుతుంది. ఎక్కేటప్పుడు అందరూ చేసే తప్పు నిలువుగా వేలాడుతూ చేతులతో లాక్కోవడం. కాళ్ళు కయాక్ కిందికి పోతాయి, మళ్ళీ బోల్తా. ముందు కాళ్ళు వెనక నీటి పైకి తేలేలా తన్నాలి. ఒళ్ళు నీటి మీద చాపలా పరుచుకున్నాక ఒక్క తన్నుతో పొట్ట కయాక్ మీదికి జారాలి. అడ్డంగా పడుకుని ఊపిరి తీసుకుని, నెమ్మదిగా వెల్లకిలా తిరిగి కూర్చుని, ఆఖరున కాళ్ళు లోపలికి. ఒకరు ఎక్కుతుంటే రెండోవాళ్ళు అవతలి వైపు అంచు పట్టుకోవాలి.

ఇది బయల్దేరే ముందు నడుం లోతు నీళ్ళలో ఒక్కొక్కరితో ఒకసారి చేయించే గైడ్ అయితే డబ్బులు ఇవ్వొచ్చు. మాటలతో చెప్పి పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు. గోవా టూరిజం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, ఒక గైడ్ వెంట ఎంతమంది, గైడ్ దగ్గర లాగే తాడు ఉందా అని అడగండి. బే బయటికైతే ఒక గైడ్‌కు మూడు టాండెమ్‌లే, అంటే ఆరుగురు. చుట్టూ గోలగా పదిమంది ఉంటే ఆయన చూపు ఎవరి మీదా ఉండదు. తీర రక్షక దళం నంబరు 1554, ఫోన్లో పెట్టుకోండి.

భీమిలి_గాలి
ఉత్తరం వైపు కొండరాళ్ళ గురించి: బే నున్నగా ఉన్నా ఆ మూల తిరగ్గానే నీరు కుదుపుగా ఉంటుంది. అల రాతికి తగిలి తిరిగొచ్చి వచ్చే అలతో కలుస్తుంది, ఏ దిక్కు నుంచి వస్తుందో అంతుపట్టదు. దాన్ని చూసి భయపడి కొత్తవాళ్ళు ఒడ్డు దగ్గరికి, అంటే రాళ్ళ దగ్గరికే జరుగుతారు. అక్కడ ఇంకా ఎక్కువ. రాళ్ళకు దూరంగా బయటికి జరిగితే తగ్గుతుంది.

సంజెదీపం
చీకటి గురించి నా వంతు.

సూర్యుడి వైపు వెళ్తుంటే నీటి మీద మెరుపుకు ముందున్న వల బెండ్లు, రాళ్ళు కనబడవు. పోలరైజ్డ్ కళ్ళద్దాలు, వాటికి తాడు. అంతకంటే పెద్ద సంగతి, మీ వెనక ఒడ్డు నుంచి డాల్ఫిన్ ట్రిప్ మోటారు పడవ వస్తుంటే నడిపేవాడికీ అదే మెరుపు. దాదాపు నీటిని ఆనుకుని కూర్చున్న మీరు అతనికి లేనట్టే. నీలం, ఆకుపచ్చ కయాక్‌లు అందంగా ఉంటాయి, కనబడవు. నారింజ, పసుపు అడగండి. పడవ శబ్దం వింటే తెడ్డు నిలువుగా ఎత్తి అటూ ఇటూ ఊపండి, తడి తెడ్డు మెరుస్తుంది.

తెడ్డుతో నడిచే పడవకు అంతర్జాతీయ సముద్ర నియమాల్లో ఉన్న కనీస షరతు: తెల్లటి వెలుగిచ్చే టార్చ్ చేతికి అందేలా ఉండాలి, ఢీకొనే ప్రమాదం ఉంటే ముందుగానే చూపించాలి. బ్యాగు అడుగున ఉన్న ఫోన్ ఫ్లాష్ దీనికి చెల్లదు. నీటికి తట్టుకునే హెడ్‌ల్యాంప్ ఒక్కో కయాక్‌కు ఒకటి మెడలో వేసుకోండి. వెలిగించి పెట్టుకోకండి, గుంపులో పక్కవాళ్ళ కళ్ళు చెదురుతాయి. జాకెట్ వీపుకు విరిస్తే వెలిగే లైట్ స్టిక్ కట్టుకుంటే లెక్కపెట్టుకోవడానికి గైడ్‌కు సులువు.

మియాపూర్_మనిషి
ఫోన్, బట్టలు, తిండి? ఒకరికి బస్సులోనే వాంతులు.

నీలికెరటం
జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు, తడిస్తే బరువు, పొద్దుపోయాక గాలికి వణుకు. నైలాన్ షార్ట్స్, పొడుగు చేతుల పాలిస్టర్ చొక్కా చాలు. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, రాళ్ళ మీద ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి. డ్రై బ్యాగ్ మూతి కనీసం మూడు మడతలు వేసి, లోపలి గాలి కొంచెం ఉంచి బకిల్ పెట్టండి, నీళ్ళలో పడ్డా తేలుతుంది. మెడలో వేసుకునే ఫోన్ పౌచ్‌లు అన్నీ తేలవు, బకెట్ నీళ్ళలో వేసి చూసుకోండి.

వాంతుల మనిషికి ప్రయాణంలో ఇబ్బంది తక్కువ. సూర్యుడి కోసం ఆగి ఊగుతూ కూర్చున్న ఆ పది నిమిషాల్లోనే ఎక్కువగా వస్తుంది, అదీ ఫోన్ స్క్రీన్ చూస్తుంటే. దూరంగా గీతలా కనిపించే సముద్రపు అంచునే చూడమనండి, కయాక్‌లన్నీ పక్కపక్కన పెట్టి ఒకరి అంచు ఒకరు పట్టుకుంటే ఊపు బాగా తగ్గుతుంది. అవోమిన్ లాంటి మాత్రలకు నిద్ర వస్తుంది, నీళ్ళ మీద నిద్రమత్తు మంచిది కాదు, డాక్టర్నడిగి వేసుకోండి. మధ్యాహ్నం ఫిష్ థాలీ తక్కువగా తినండి, మనిషికి లీటరు నీళ్ళు.

గాజువాక_కుర్రాడు
ఇవన్నీ గోవాలోనేనా? మన రుషికొండలో చేయొచ్చు కదా, శుభ్రతకు, భద్రతకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ కూడా.

భీమిలి_గాలి
చేయొచ్చు తమ్ముడూ, కానీ సూర్యుడు సముద్రంలో మునగడు. మనది తూర్పు తీరం, సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. సంక్రాంతికి విశాఖలో సూర్యాస్తమయం 5:40కే, కొండ అడ్డు వల్ల ఒడ్డున నీడ ఇంకా ముందే పడుతుంది. గోవా టైమ్ పట్టుకుని ఇక్కడ దిగితే నలభై నిమిషాల దాకా చీకటి మిగులుతుంది. పైగా మన ఒడ్డు నిటారుగా దిగుతుంది, అల ఒక్కసారిగా విరుగుతుంది, లోపలికి లాగే పాయలుంటాయి. పాలోలెం లాంటి అడ్డు మనకు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. జనవరి నుంచి మార్చి నయం.

మన తీరానికి దాని అందం వేరే ఉంది. పౌర్ణమి సాయంత్రం సముద్రం మీదికెళ్ళు. వెనక కొండల మీద ఎరుపు ఆరకముందే ముందు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. పశ్చిమ తీరంలో చంద్రుడు లేచేది కొండల మీంచే. సూర్యుడు నీటి మీదే వాలడం కావాలంటే భీమిలిలో గోస్తనీ ముఖం లోపలి వైపు చూడు, పడమర నది మీద వెలుగు పడుతుంది. పోటు ఎక్కేటప్పుడే, ముఖానికి దూరంగా.

గాజువాక_కుర్రాడు
పౌర్ణమి సంగతి తట్టలేదన్నా. రాసుకున్నా.

మియాపూర్_మనిషి
గైడ్‌తో మాట్లాడాను. 3:45కి మార్చడానికి ఒప్పుకున్నాడు, నడుం లోతులో ప్రాక్టీస్ కూడా చేయిస్తానన్నాడు. 104 కిలోల ఆయనకు 58 కిలోల మనిషిని జత చేశాం. ఆ రోజు పొద్దున్న గాలి చూసి ఫోన్ చేస్తాడట. బయల్దేరేముందు కయాక్‌లో ఏదైనా చూడాలా?

తెడ్డు_తాత
తోక దగ్గర అడుగున ఒక చిన్న ప్లగ్ ఉంటుంది, బొటనవేలంత. కడిగిన నీళ్ళు పోవడానికి తీసి, పెట్టడం మర్చిపోతారు. వేలితో తిప్పి బిగుతుగా ఉందో లేదో చూడండి, లోపలి రబ్బరు వాషర్ ఉందో లేదో కూడా. అది లేకపోతే మొదటి అరగంట ఏమీ తెలియదు. తర్వాత కయాక్ మందకొడిగా మారి, ఒకవైపు ఒరిగితే తిరిగి లేవడానికి టైమ్ తీసుకుంటుంది, లోపల నీరు అటూ ఇటూ దొర్లుతుంది కాబట్టి. వెళ్ళే దారిలో అలా అనిపిస్తే గైడ్‌కు వెంటనే చెప్పి దగ్గర్లోని ఇసుకకు పోవాలి. బయల్దేరేముందు ఆ కొసను ఎత్తి ఊపండి, గళగళమంటే వేరేది తీసుకోండి.

మియాపూర్_మనిషి
ప్లగ్, వాషర్. సరే తాతా.